పిల్లి లేచేదాకా

టీవీలో బొమ్మల పిల్లి మేడ మీంచి పడగానే మా పాప పకపకా నవ్వింది. అది ఒళ్లు దులుపుకుని లేచాక గానీ నాకు నవ్వు రాలేదు.

మా నాన్న సినిమాల్లో ఫైటర్. హీరో బదులు మేడల మీంచి అట్టపెట్టెల మీదికి దూకేవాడు. ఒకరోజు ఫిల్మ్ నగర్‌లో షూటింగులో పెట్టెల పక్కన పడ్డాడు. మళ్లీ లేవలేదు.

నెల తిరక్కుండానే, మా కృష్ణానగర్ గదిలో అమ్మ ఇలాంటి బొమ్మల సినిమాలు చూసి నవ్వుతుంటే నాకు ఒళ్లు మండేది.

"పడిపోతే నవ్వుతావేంటమ్మా?" అని ఓసారి అరిచాను.

అమ్మ తెర మీంచి కళ్లు తిప్పలేదు. "ఉండవే, లేస్తుంది చూడు," అంది.

అమ్మ నవ్వేది అది లేచినందుకని నాకప్పుడు తెలియదు. విసురుగా టీవీ కట్టేశాను. పిల్లి ఇంకా కిందే ఉంది.