పరిచర్యకు రెండు ఇంగ్లీషు మాటలు

అమెరికాలోని ప్లేనోలో తెలుగు క్రైస్తవ సంఘం ఆదివారం మధ్యాహ్నం పూట అమెరికన్ల చర్చిలో అద్దెకు తీసుకున్న హాల్లో కూడుకునేది. పాస్టర్ శామ్యూల్ ప్రార్థన ముగించగానే మొదటి ఆమేన్ ఆయన భార్య దయామణిది. ఆమె అన్నాకే మిగతావాళ్లు అనేవారు. ఎవరూ పెట్టిన నియమం కాదు, అలా అలవాటైపోయింది.

ఆమె పేరు దయామణి అని సంఘంలో సగం మందికి తెలియదు. పాస్టరమ్మగారు, అంతే. పసివాడికి జ్వరం నూట రెండు చూపిస్తే, నర్సుతో మాట్లాడాక కూడా గుండెదడ తగ్గని తల్లి ఫోన్ చేసేది పాస్టరమ్మగారికే. "పాలు తాగుతున్నాడా? డైపర్ తడుస్తోందా? అయితే కంగారుపడకు తల్లీ, నేను వస్తున్నా" అని ఎవరో ఒకరి కారెక్కేది. బాలింతలకు పథ్యం వంట ఆమెదే. మొగుడితో పోట్లాడి పార్కింగ్ లాట్‌లో ఏడ్చే ఆడపిల్లల పక్కన కూర్చునేది ఆమే. ఆదివారం బడి, బుధవారం స్త్రీల కూడిక సరేసరి. "మీది గొప్ప పరిచర్య పాస్టరమ్మగారూ" అనేవారు. ఆ మాటకి ఒళ్లు నొప్పులు మరిచిపోయేది.

ఫిబ్రవరిలో శామ్యూల్ గుండెపోటుతో పోయాడు. ఆయన చర్చి పనికోసం ఇచ్చే వీసా మీద వచ్చినవాడు. దయామణి, ఎనిమిదో గ్రేడ్ చదివే కూతురు నైనిక ఆయన వెనక వచ్చినవాళ్లు. సమాధి మీద మట్టి ఆరకముందే తెలిసింది, ఆయనతోపాటు వీళ్లు ఇక్కడ ఉండే హక్కూ పోయిందని. మిగిలిన దారి ఒక్కటే. సంఘం ఆమెను ఉద్యోగంలో పెట్టుకుని అదే రకం వీసా ఆమె పేరున అడగాలి. లేకపోతే ఆ సమాధిని వదిలేసి, పిల్లను బడి మాన్పించి వెళ్లిపోవాలి.

సంఘం సెక్రటరీ కృష్ణమోహన్, రిటైరైన మత్తు డాక్టరు, ఆమెను లాయర్ దగ్గరికి తీసుకెళ్లాడు. చర్చిలకూ గుళ్లకూ గురుద్వారాలకూ పనిచేసే ఆఫీసు అది. లాయర్ పేరు వేద. ఇక్కడే పుట్టిన పిల్ల.

"ఆంటీ, చర్చ్‌లో మీ జాబ్ ఏంటి?"

"పాస్టరమ్మనమ్మా."

"అంటే పాస్టర్ వైఫ్. వైఫ్ జాబ్ కాదు ఆంటీ. మీరు ఏం చేస్తారు, డైలీ?"

దయామణి చెప్పింది. జ్వరాలు, బాలింతలు, బుధవారాలు. అన్నీ చెప్పాక, ఇవన్నీ కలిపి ఏమనాలో తెలియక "పరిచర్య" అంది.

"ఆ వర్డ్ నాకు తెలీదు. అంకుల్, ఇంగ్లీష్‌లో?"

కృష్ణమోహన్ కళ్లద్దాలు తీసి తుడిచాడు. "హెల్ప్ అమ్మా. లేడీస్ అందరూ వాలంటరీగా చేస్తుంటారు గదా, అట్లాంటిది."

దయామణికి ఇంగ్లీషు పెద్దగా రాదు. కానీ పరిచర్యను ఏమంటారో ఆ ఒక్క మాట వచ్చు. భర్త విజిటింగ్ కార్డు మీద ఎన్నోసార్లు చూసింది.

"అన్నయ్యగారూ, ఆయనదీ పరిచర్యే గదండీ. దాన్ని మినిస్ట్రీ అని వేయించారు గదా."

"అది వేరు చెల్లెమ్మా. ఆయన వాక్యం చెప్పేవాడు."

వేద టైప్ చేయడం ఆపింది. "వెయిట్. మినిస్ట్రీయా? అయితే వేరే స్టోరీ అంకుల్. విమెన్స్ మినిస్ట్రీ అని చర్చ్ పోస్ట్ క్రియేట్ చేసి, పే ఇస్తాం అని సైన్ చేస్తే ఫైల్ చేయొచ్చు. గ్యారంటీ లేదు, బట్ మంచి కేస్."

"కమిటీలో పెడతాం" అన్నాడు కృష్ణమోహన్, లేస్తూ.

ఆయన కారు తెచ్చేలోపు దయామణి గుమ్మం దగ్గర వేద చెయ్యి పట్టుకుంది. "నువ్వు గట్టిగా చెప్పు తల్లీ. నీ మాటయితే వింటారు."

ఆ పిల్ల చెయ్యి విడిపించుకోలేదు. కళ్లు మాత్రం దించుకుంది. "సారీ ఆంటీ. నా క్లయింట్ చర్చ్. మీరు కాదు."

లాయర్ సంఘానిదట. సంఘమంటే తాను కూడా అనే ఇన్నాళ్లూ దయామణి అనుకుంది.

కమిటీ శనివారం కృష్ణమోహన్ ఇంట్లో కూర్చుంది. ఎవరూ చెప్పకుండానే దయామణి వంటింట్లోకి వెళ్లి పకోడీలకి ఉల్లిపాయలు తరిగింది. హాల్లో మాటలు వినబడుతూనే ఉన్నాయి.

"పరిచర్యకి శాలరీ ఏంది భై? రేపు సండే స్కూల్ వాళ్లు కూడా అడుగుతరు."

"పైగా బాతెల్ సంఘం నుంచి కొత్త పాస్టర్ కన్ఫర్మ్ అయ్యాడు. వాళ్లావిడ వస్తుంది గదా. ఇవన్నీ ఆమె చూసుకుంటుంది."

"బై వన్, గెట్ వన్!"

నవ్వులు. అందరికంటే పెద్దగా నవ్వింది కృష్ణమోహనే. వంటింట్లో ఆయన భార్య మీనా కుళాయి గట్టిగా తిప్పింది. "మగాళ్ల మాటలు పట్టించుకోకండి పాస్టరమ్మగారూ" అని, పిండిలోకి తొంగిచూసి, "కొంచెం వాము వేయండి" అంది.

దయామణి వాము వేసింది.

తల్లీకూతుళ్లు ఇండియాకి వెళ్లిపోయేముందు ఆఖరి ఆదివారం కొత్త పాస్టరు, ఆయన భార్య ముందు వరసలో కూర్చున్నారు. ఆరాధన మధ్యలో వెనక నుంచి ఒక తల్లి, "పాస్టరమ్మగారూ, బాబు వాంతి చేసుకున్నాడండీ!" అని పిలిచింది. దయామణి టవల్ తీసుకుని సగం లేచింది. అప్పటికే కొత్తావిడ ఆ తల్లి దగ్గరికి నడుస్తోంది. పిలుపు ఆమెకే. దయామణి టవల్ మడిచి ఒళ్లో పెట్టుకుని కూర్చుంది.

చివర ఆమెకు శాలువా కప్పారు. కృష్ణమోహన్ కళ్లు మూసుకుని మైకులో ప్రార్థించాడు. "ప్రభువా, మా సిస్టర్ దయామణిని బట్టి నీకు స్తోత్రం. ఇన్నేళ్లు మా మధ్య ఆమె చేసిన వండర్‌ఫుల్ మినిస్ట్రీని బట్టి నీకు స్తోత్రం. మేం ఆమెకు ఎంతో రుణపడ్డాం తండ్రీ..."

నైనిక తల్లి మోచేయి నొక్కింది. "అమ్మా, నౌ హి సేస్ ఇట్."

"విన్నానులే."

ప్రార్థన ముగిసింది. ఎవరూ ఆమేన్ అనలేదు. కళ్లు మూసుకునే, అలవాటుగా, ఆమె కోసం ఆగారు. కొత్త పాస్టరమ్మకు ఆ సంగతి ఇంకా తెలియదు.

దయామణి కళ్లు తెరిచి, వంచిన ఆ తలలన్నిటినీ ఒకసారి చూసింది. శాలువా తీసి కుర్చీ మీద పెట్టి, కూతురి చెయ్యి పట్టుకుని తలుపు వైపు నడిచింది.