ఇద్దరు మరియలు

మంచిర్యాల దగ్గర మా ఊరి చర్చిలో క్రిస్మస్ నాటకమంటే, తొమ్మిదేళ్లపాటు మరియ వేషం నాదే. పదో ఏడు మా సంఘానికి సునీత అనే కొత్త కోడలు వచ్చింది. వయసుంది, గొంతుంది. నాకు కడుపుమంట మొదలైంది.

మా నాటకాల మేనేజర్ దానయ్యకు ఎవరికీ కాదని చెప్పడం రాదు. "ఫికర్ చేయకు అక్కా, మరియ నువ్వే" అని నాకు సాయంత్రాలు రిహార్సల్ పెట్టాడు. పొద్దున పూట సునీతకూ అదే మాట చెప్పి రిహార్సల్ చేయిస్తున్నాడని నాకు తెలియదు. మరియ భర్త యోసేపు వేషం కూడా దానయ్యదే, ఇద్దరితోనూ విడివిడిగా తనొక్కడే ఆడేవాడు కాబట్టి గుట్టు బయటపడలేదు.

పండగనాడు మధ్యాహ్నం ఇంట్లోనే తయారై వెళ్లి, నీలం చీర ముసుగుతో ఎడమవైపు నుంచి వేదిక ఎక్కాను. కుడివైపు నుంచి ఇంకో నీలం చీర వచ్చింది. సునీత! మధ్యలో దానయ్య నోరు తెరుచుకుని నిలబడ్డాడు. జనం నవ్వులు. నేను ముసుగు ఇంకా కిందికి లాక్కున్నాను.

సునీత ఉరికొచ్చి నా చేతులు పట్టుకుంది. "ఎలీసబెతు అక్కా! గింత ముసలితనంల మాకోసం గింత దూరం నడిచొచ్చినవా? జర కూసో!"

బైబిల్లో ఎలీసబెతు మరియకు చుట్టం, ముసలావిడ. ఆ ముసలావిడను నేనయ్యాను. చర్చంతా చప్పట్లు. ఏం చేయను? నడుం పట్టుకుని మూలుగుతూ కూర్చున్నాను.

తర్వాత దానయ్య "ఎలీసబెతు కూడ కావాలె గదా, గందుకే ఇద్దరికి చెప్పిన అక్కా" అని పళ్లికిలించాడు. అతన్ని అప్పుడే క్షమించాను. నాటకాన్ని కాపాడిన సునీతను మాత్రం, ఎంత ప్రార్థించినా, ఇప్పటికీ క్షమించలేకపోతున్నాను. ఎలీసబెతు అన్న ఆ మాట ముందు నాకు తోచాల్సింది.