మూడో మెట్టు మీద బొటనవేలు

మా అవ్వ మిరపకాయలతో దిష్టి తీస్తుంటే పక్కన నిలబడి నవ్వేవాణ్ణి నేను. దయ్యాలు, గాలి సోకడం, చచ్చినవాళ్లు పలకడం, ఇవేవీ నమ్మలేదు. ఇప్పుడూ నమ్ముతున్నానని చెప్పలేను. జరిగింది జరిగినట్టు చెబుతాను, అంతే.

అరవైల మొదట్లో మాట. మాది కురుగోడు దగ్గర సేద్యం చేసుకునే కుటుంబం. బళ్లారిలో గాంధీనగర్‌లో మా మామ ఇంట్లో ఉండి, ఒక మోటారు సామాన్ల అంగడిలో పనిచేసేవాణ్ణి. మామకు సొంత లారీ ఉండేది. శెనక్కాయల మూటలు తోలేవాడు.

అప్పుడు నాకు గిటార్ పిచ్చి పట్టింది. కంటోన్మెంటు వైపు రత్నం మాస్టారని ఒకాయన ఉండేవాడు. తెల్లవాళ్లు ఉన్న రోజుల్లో వాళ్ల మెస్సులో పనిచేస్తూ గిటార్ నేర్చుకున్నాడు. వాళ్లు పోయాక హార్మోనియంలు బాగుచేస్తూ బతుకుతున్నాడు. ఆయన భార్య కరుణమ్మ. పిల్లల్లేరు. ఆయన దగ్గర నేర్చుకోవడానికి పోయే నన్ను ఇంట్లో మనిషిలాగే చూసేవారు.

రెండు మూడు తీగలు ఒకేసారి నొక్కి మోగించే మామూలు పట్లు తొందరగానే వచ్చాయి. ఒక్కటి దగ్గర ఆగిపోయాను. ఎ మైనర్ అని రాసి, పక్కన ఒక ఏటవాలు గీత గీసి, జి అని రాస్తారు. అంటే పట్టు ఎ మైనరే, కానీ దాని అడుగున మోగే స్వరం మాత్రం జి. అందుకు అన్నిటికన్నా లావు తీగను, గిటార్ మెడకు అడ్డంగా ఉండే మెట్లలో మూడోదాని దగ్గర నొక్కాలి. మిగిలిన వేళ్లు అప్పటికే వేరే తీగల మీద ఉంటాయి. మాస్టారిది పెద్ద చెయ్యి. బొటనవేలిని వెనక నుంచి గిటార్ మెడ మీదుగా తెచ్చి ఆ తీగ నొక్కేవాడు. అప్పుడు వచ్చే శబ్దం ఎవరో బావిలోకి దిగుతూ మాట్లాడినట్టు ఉండేది. నా బొటనవేలు పొట్టి. ఆ తీగ దాకా సరిగ్గా అందేది కాదు. నేను వాయిస్తే అది మొద్దుగా, చచ్చినట్టు మోగేది.

ఆ వేసవిలో ఒక రోజు మాస్టారు బళ్లారి దగ్గరి హగరి ఊరికి పోయాడు. అక్కడి వ్యవసాయ ఫారం క్వార్టర్సులో ఒకరి హార్మోనియం బాగుచేయాలి. సాయంత్రం రైలుకు వస్తానని, అంతవరకు కూర్చుని సాధన చేయమని నాతో ముందురోజే చెప్పాడు. అంగడికి సెలవు. పొద్దున్నే వాళ్లింటికి పోయి మాస్టారి గిటార్ పట్టుకుని కూర్చున్నాను.

మధ్యాహ్నం ఎండ నిప్పులు చెరుగుతోంది. కరుణమ్మ వంటింట్లో ఉంది. నేను అదే పట్టు మళ్లీ మళ్లీ పడుతున్నాను. వేళ్ల కొనలు మండుతున్నాయి. విసుగొచ్చి, ఆ లావు తీగ సంగతి వదిలేసి ఉత్త ఎ మైనర్ పట్టి, తీగలన్నీ ఒకసారి మీటాను.

అడుగున జి మోగింది.

నిండుగా, స్పష్టంగా. నా బొటనవేలు మెడ వెనకాలే ఉంది. కిందికి చూశాను. లావు తీగ మూడో మెట్టు దగ్గర కిందికి నొక్కుకుని ఉంది. దాని మీద ఏమీ లేదు. నా చెయ్యి మొత్తం తీసేశాను. మిగిలిన తీగలు వదులయ్యాయి. ఆ ఒక్కటి మాత్రం అలాగే నొక్కుకుని ఉంది. మోగుతూనే ఉంది. తర్వాత అది జర్రుమని ఒక్కసారి వణికి పైకి లేచింది.

కరుణమ్మ చెయ్యి తుడుచుకుంటూ బయటికొచ్చింది. గది నాలుగు మూలలా చూసింది.

"ఆయప్ప ఎప్పుడొచ్చినాడు?"

మాస్టారు రాలేదన్నాను. ఇంకోసారి వాయించమంది. వాయించాను. ఉత్త ఎ మైనరే వచ్చింది. ఆమె గడప మీద కూలబడింది.

"అది ఆయప్ప బొటనేలు సద్దు. ఇన్నేండ్లు విన్న దాన్ని, నాకు తెల్దా? ఆయప్పకు ఏమో అయ్యుండాది. మీ మామను లారీ తీయమను తిమ్మప్పా."

నేను చూసింది ఆమెకు చెప్పలేదు. చెబితే ఇంకా భయపడుతుందని, నేరుగా మామ దగ్గరికి పరుగెత్తాను. మామ అప్పుడే భోంచేసి నడుం వాల్చాడు. గిటార్ మోగిందని ఈ ఎండలో లారీ తీస్తారా అని విసుక్కున్నాడు. నా ముఖం చూశాక ఇంకేమీ అనకుండా తాళం చెవి తీసుకున్నాడు.

ముగ్గురం హగరికి బయల్దేరాం. కరుణమ్మ మా ఇద్దరి మధ్యా కూర్చుని ప్రార్థన చేసుకుంటూ ఉంది. ఫారంలో అడిగితే, పని తొందరగా అయిపోయిందని, ఆయన పొద్దునే వెళ్లిపోయాడని చెప్పారు. స్టేషనులో అటువంటి మనిషి రానే లేదన్నారు. అప్పుడు నిజంగా భయమేసింది. స్టేషను బయట గొర్రెలు తోలుకొస్తున్న ఒక ముసలాయనను మామ అడిగాడు.

"సంచి పట్టుకున్న ఆయప్పేనా? నీళ్లకని ఏట్లోకి దిగినాడే. మళ్లీ పైకి వచ్చింది నేను చూడలేదప్పా."

ఊరి పక్కన హగరి ఏరు ఎండిపోయి ఇసుక తెల్లగా మెరుస్తోంది. చెప్పులున్నా కాళ్లు కాలిపోతున్నాయి. ఇసుకలో నీళ్ల కోసం తవ్విన ఒక చెలమ పక్కన మాస్టారు వెల్లకిలా పడి ఉన్నాడు. చెలమ ఎండిపోయి ఉంది. వడదెబ్బ. పెదవులు నల్లబడ్డాయి, ఊపిరి ఉందా లేదా అన్నట్టుంది. కరుణమ్మ ఏడవలేదు. లారీలోంచి తెచ్చిన నీళ్లతో కొంగు తడిపి నోట్లో పిండింది.

ఎత్తుకునేటప్పుడు నేను ఆయన ఎడమచెయ్యి పట్టుకున్నాను. వేళ్లు వంగి బిగుసుకుపోయి ఉన్నాయి, గిటార్ మెడ పట్టుకున్నట్టు. బొటనవేలి మెత్తటి చోట లోతుగా, ఎర్రగా ఒక గాడి. గాడి పొడుగునా సన్నటి గీతలు. లావు తీగకు చుట్టిన సన్న తీగ చుట్ల గుర్తులవి. ఎంతసేపు నొక్కితే అలా పడుతుందో నాకు తెలుసు. గిటారేమో బళ్లారిలో, నా ఒళ్లో ఉండింది. మామకు చూపించాను. ఆయన చూసి ముఖం తిప్పుకున్నాడు.

ఆస్పత్రిలో బతికాడు. ఇంకాస్త ఆలస్యమైతే చేసేదేమీ ఉండేది కాదని డాక్టరు అన్నాడు. వేలి మీద గుర్తు సంచి పట్టుకోవడం వల్ల అయ్యుంటుందన్నాడు. ఆ సంచి నేను తర్వాత తడిమి చూశాను. మెత్తటి గుడ్డ సంచి, గుడ్డ పట్టీ.

మాస్టారికి నీళ్ల కోసం దిగడం వరకే జ్ఞాపకం. కల వచ్చిందా, ఇల్లు గుర్తుకొచ్చిందా అని మెల్లగా అడిగాను. ఏమీ లేదన్నాడు. మమ్మల్ని ఎవరు పంపారని ఆయన అడిగితే, ఆలస్యమైందని మేమే వచ్చామని కరుణమ్మ చెప్పింది. తాను రావాల్సింది సాయంత్రం రైలుకని, మేము వెళ్లింది అంతకు ముందేనని ఆయనకూ తెలుసు. అయినా మళ్లీ అడగలేదు.

బయటికొచ్చాక ఆమె నా చెయ్యి పట్టుకుంది. "ఆయప్పకు చెప్పొద్దప్పా. తెలిస్తే ఆ తీగ మళ్లీ ముట్టడు."

నేను చెప్పలేదు. మాస్టారు ఆ తర్వాత చాలా ఏళ్లు బతికి, ఆ సంగతి తెలియకుండానే పోయాడు.

ఎండకు కర్ర వంగి ఉంటుందని, తీగ సడలి ఉంటుందని, నా కళ్లు తిరిగి ఉంటాయని నాకు నేనే ఎన్నో చెప్పుకున్నాను. అవేవీ ఆ వేలి మీది గాడికి సరిపోవు. ఆ తీగ నొక్కింది ఆయనే అయితే, ఆయనకే తెలియకుండా ఎలా నొక్కాడు? ఆయన కాకపోతే, ఆయన చేతిని అంత బాగా ఎరిగినవాళ్లు ఇంకెవరు?