పిల్లకు పెట్టమన్న గుడ్డు

రక్కమ్మాళ్ మీద దొంగ అన్న ముద్ర వేశారు. ఉడికిన గుడ్డు తెల్లసొనను, తనకు చెప్పిన ప్రకారమే, ఆమె తన కూతురికి పెట్టింది. పెట్టమని చెప్పిన మనిషే తాను చెప్పలేదన్నది. విచారణ జరగలేదు. ఆమె మాట ఎవరూ వినలేదు.

కోయంబత్తూరు నుంచి సూలూరు పోయే దారిలో, మిల్లుల వెనక ఉన్న కాలనీలో రక్కమ్మాళ్ పుట్టింది. తల్లి కరుప్పాయి ఒక మిల్లులో పత్తిదుమ్ము ఊడ్చి ఊడ్చి జీవితకాలపు దగ్గు సంపాదించుకున్నది. వాళ్లకు బడిలో తమిళం, బజారులో తమిళం, గుడిలో తమిళం. గడప దాటి లోపలికి వస్తే తెలుగు. ఆ తెలుగును రాయడం ఆ ఇంట్లో ఎవరికీ రాదు. జోలపాటకూ తిట్టుకూ చావు ఏడుపుకూ ఆ మాటలే సరిపోతూ వచ్చాయి. కూతురికి బడిలో మేనక అని రాయించినా, ఇంట్లో రక్కమ్మాళ్ పిలిచే పిలుపు ఒకటే. పిల్లా, ఇటు రా. పిల్ల తిన్నదా. పిల్ల పడుకున్నదా.

ఆమె పనిచేసిన ఇల్లు కూడా తెలుగు ఇల్లే. పొలాల నుంచి ఫ్యాక్టరీలకు ఎదిగిన కుటుంబం వాళ్లది. రామ్‌కుమార్‌కు పంపుసెట్ల ఫ్యాక్టరీ ఉంది. ఆయన తల్లి వళ్ళియమ్మాళ్, భార్య రంజని, కూతురు కృత్తిక. పనిలో చేరిన కొత్తలో ఒకనాడు అత్తాకోడళ్లు చింతపండు ఎక్కడ పెట్టామా అని తెలుగులో అనుకుంటుంటే, రక్కమ్మాళ్ అందుకుని తెలుగులోనే జవాబు చెప్పింది. ముసలమ్మ ఆమెను ఎగాదిగా చూసింది.

"ఇదేందే, దీనికీ మన మాట వస్తాదే."

"మా ఇంట్లోనూ ఇవే మాటలు, అమ్మా."

"మీది వేరే, మాది వేరే. నువ్వు తమిళంలోనే చెప్పు, చాలు."

అప్పటికే ఆ ఇంట్లో రక్కమ్మాళ్‌కు ఒక గ్లాసు వేరుగా ఉండేది, సింకు కింద బోర్లించి. ఆనాటి నుంచి భాష కూడా వేరైంది. తెలుగు, ఇంటివాళ్లు తమ చుట్టూ కట్టుకున్న తెర. తెర ఇవతలి మనిషికి ప్రతి ముక్కా వినబడుతుందని అందరికీ తెలుసు. వినబడనట్టు గిన్నెలు తోముకోవడం ఆమె కొలువులో భాగం. ఏళ్ల తరబడి ఆ భాగాన్ని ఆమె లోపం లేకుండా నిర్వహించింది.

ఈ వేసవికి ముందు కృత్తిక పుట్టినరోజుకు ఒక హామ్‌స్టర్ వచ్చింది. అరచేతిలో ఇమిడే బూడిదరంగు ప్రాణి, తల్లిని విడిచి ఎన్నాళ్లో కాలేదు. దానికి వెనక వరండాలో గాజు పెట్టె, తొక్కుకుంటూ తిరగడానికి చక్రం, పడుకోవడానికి కాగితపు పొట్టు అమర్చారు. ఇంటిల్లిపాదీ దాన్ని తమిళంలో కుట్టి అన్నారు, కూన అని. రక్కమ్మాళ్ మనసులో ఎలక అనుకున్నది. పశువుల డాక్టరు దాన్ని చూసి, ఎదిగే వయసులో ఉన్నదానికి ఒట్టి గింజలు చాలవనీ, మాంసకృత్తులు కాస్త ఎక్కువ పడాలనీ చెప్పాడు. ఉప్పు వేయని తెల్లసొన గోరంత, అదీ వారానికి ఒకటి రెండుసార్లు. లేదంటే ఎండబెట్టిన పురుగులు అమ్ముతారు, అవైనా సరే అన్నాడు.

"పురుగులా?" అన్నది వళ్ళియమ్మాళ్. "పురుగులు ఇంట్లోకి వస్తే నేను బోడినాయకనూరుకు పోతాను, మా తమ్ముడింటికి. ఏలక్కాయ వాసన పీల్చుకుంటా ఆడనే ఉండిపోతాను."

"పోమ్మా, మంచిదే," అన్నాడు రామ్‌కుమార్. "వచ్చేటప్పుడు ఏలక్కాయ రెండు కిలోలు పట్టుకురా."

గుడ్డే ఖాయమైంది. డాక్టరు గోరంత అన్నది ఆ ఇంట్లో గుడ్డంత అయింది. అది పెట్టే పని కృత్తికది. ఇంకొకరు ఆ పెట్టెను తాకకూడదు, ముఖ్యంగా రక్కమ్మాళ్ తాకకూడదు. చేతులు శుభ్రంగా ఉండాలి అన్నది వళ్ళియమ్మాళ్. ఆ ముసలమ్మ అన్నం తినే కంచం రోజూ కడిగేవి ఆ చేతులే.

బడికి లీవు ఇచ్చాక రక్కమ్మాళ్ మేనకను వెంట తెచ్చుకోసాగింది. ఏడేళ్ల పిల్ల. లోపలికి రాకుండా వెనక వరండాలో, బట్టలుతికే బండ పక్కన కూర్చుని, గాజు పెట్టెలో చక్రం తిరగడం చూస్తూ ఉండేది. ఇక్కడ ఒక మాట స్పష్టంగా నమోదు కావాలి. ఆ పిల్ల తిండికి మొహంవాచినది కాదు. బడి నడిచే రోజుల్లో మధ్యాహ్న భోజనంలో గుడ్డు ఉంటుంది, ఇంట్లో ఆదివారం గుడ్డు కూర ఉంటుంది. రక్కమ్మాళ్‌కు ఆ ఇంటి గుడ్డుతో అవసరం లేదు.

ఆ ఉదయం ఇంటివాళ్లంతా మేట్టుపాళయంలో పెళ్లికి బయల్దేరుతున్నారు. కృత్తిక అప్పటికే కారెక్కి కూర్చుంది. రంజని చెవికీ భుజానికీ మధ్య ఫోను ఇరికించుకుని తన తల్లితో తెలుగులో మాట్లాడుతూ వంటగదిలోకి వచ్చింది. తెల్లసొన ఉన్న చిన్న గిన్నెను రక్కమ్మాళ్ చేతిలో పెట్టి, గడ్డంతో వరండా వైపు చూపించింది.

"ఇది పిల్లకు పెట్టెయ్. చిన్న చిన్న ముక్కలు చెయ్యి. ఎంత సన్నంగా ఉండాదో చూడు, ఒంటికి సత్తువ కావాల."

అని, మళ్లీ ఫోనులో పడి వెళ్లిపోయింది.

రక్కమ్మాళ్ గిన్నె పట్టుకుని నిలబడిపోయింది. యజమానురాలు తనతో తెలుగు పలికింది. ఆమె ఎరిగిన తెలుగులో ఎలక కూనను ఎవరూ ఒట్టి పిల్ల అనరు, ఎలకపిల్ల అంటారు. పిల్ల అంటే ఆడబిడ్డ. వరండాలో ఉన్న ఆడబిడ్డ ఒక్కతే. ఎలక పెట్టెను తాను తాకకూడదన్న కట్టడి ఉండనే ఉంది. సన్నంగా ఉన్న మాటా నిజమే. చిన్న ముక్కలు చెయ్యమనడమూ సబబే, మేనకకు ముందు పళ్లు ఊడిపోయి ఉన్నాయి. ఇన్నేళ్లకు ఈ ఇంటి మనిషి నా పిల్లను చూసింది అనుకున్నది రక్కమ్మాళ్. చూసి, మా మాటలోనే చెప్పింది.

"ఉప్పు లేదే, అమ్మా," అన్నది మేనక మొదటి ముక్కకే.

"ఊరికే తిను. ఆయమ్మ నీకని ఇచ్చింది. తెలుగులో చెప్పి ఇచ్చింది."

"గుడ్డుకు తెలుగు వస్తాదా?"

తల్లి నవ్వింది. ఆ ఇంట్లో ఆమె పైకి నవ్వడం అదే మొదలు.

మధ్యాహ్నం ఇంటికి వెళ్లి ఈ సంగతి కరుప్పాయికి చెప్పింది. కరుప్పాయి దగ్గు ఆపుకుని విన్నది.

"మనతో తెలుగు పలికినారంటే ఏందో మరుపున పలికుంటారు," అన్నది. "గుర్తొచ్చే లోపల నీ పని నువ్వు చూసుకో."

సాయంత్రం గిన్నెలు తోమడానికి వెళ్లేసరికి ఇంటివాళ్లు తిరిగి వచ్చారు. కృత్తిక గాజు పెట్టె ముందు ఏడుస్తోంది. గుడ్డు ఏదని రంజని తమిళంలో అడిగింది.

"పిల్లకు పెట్టేస్తిని గదమ్మా," అన్నది రక్కమ్మాళ్, తెలుగులో. పొద్దున తెరుచుకున్న తలుపు ఇంకా తెరిచే ఉందనుకుంది.

"ఏ పిల్లకు?"

వరండా మూలనున్న కెమెరాలో రికార్డయిన దృశ్యాన్ని రామ్‌కుమార్ తన ఫోనులో తెరిచి అందరికీ చూపించాడు. బండ పక్కన మేనక, నోట్లోకి వెళుతున్న తెల్లని ముక్క, పక్కన నవ్వుతున్న తల్లి.

"కుట్టి నోటి కాడిది తీసి నీ కూతురికి పెట్టుకుంటావా?" అన్నది వళ్ళియమ్మాళ్.

"అమ్మగారే చెప్పినారు. పిల్లకు పెట్టమని, తెలుగులో చెప్పినారు."

రంజని చూపు ఒక్క క్షణం ఆగింది. ఆమెకు గుర్తొచ్చిందని రక్కమ్మాళ్‌కు తెలిసింది. మనిషికి గుర్తొచ్చినప్పుడు ముఖం ఎలా మారుతుందో ఇళ్లలో పనిచేసేవాళ్లకు ఎవరూ నేర్పనక్కరలేదు.

"నీతో తెలుగులో నేనెప్పుడు మాట్లాడాను?" అన్నది రంజని, తమిళంలో.

ఆ ఇంటి పాత కట్టుబాటే రంజనికి సాక్ష్యమైంది. పనిమనిషితో తెలుగు మాట్లాడని ఇల్లు కాబట్టి, ఆ పూట కూడా మాట్లాడలేదన్నారు.

అయితే ఆ కెమెరాకు చెవులున్నాయి. ఫ్యాక్టరీలో కూర్చుని రామ్‌కుమార్ దాని గుండానే గేటు వేశావా, బట్టలు తీశావా అని అడిగేవాడు. రక్కమ్మాళ్ దానికే జవాబు చెప్పేది. వరండా తలుపు తెరిచి ఉంటే వంటగదిలో చెంచా పడిన చప్పుడు కూడా దానికి వినబడుతుంది. పొద్దున ఆ తలుపు తెరిచే ఉంది.

"సౌండు పెట్టండయ్యా," అన్నది రక్కమ్మాళ్. "ఒక్కసారి సౌండు పెట్టండి."

రామ్‌కుమార్ భార్య ముఖం చూశాడు. ఫోను జేబులో పెట్టుకున్నాడు.

ఆ రాత్రే శబ్దం తీసేసిన వీడియో ఆ వీధి ఇళ్లవాళ్ల వాట్సాప్ గ్రూపులో పడింది, కింద ఒకే వాక్యంతో: మీ ఇళ్లలో జాగ్రత్తగా ఉండండి. రక్కమ్మాళ్ పనిచేసే మిగతా రెండు ఇళ్లూ మర్నాటికే ఆమెను వద్దన్నాయి. వీడియో కాలనీకి కూడా చేరింది. బడి తెరిచాక మేనక మధ్యాహ్న భోజనంలో గుడ్డును పక్కకు తోసేస్తోంది. తిను పిల్లా అంటే, "ఇది నాకేనని ఎవరు చెప్పినారు?" అని అడుగుతోంది. హామ్‌స్టర్ మాత్రం ఏ లోటూ లేకుండా బలిసింది.

రంజని గారూ, రామ్‌కుమార్ గారూ, ఆ కెమెరా పాత దృశ్యాలను తనంతట తానే చెరిపేసుకుంటుందని మీకు తెలుసు. అది చెరిగేదాకా మౌనంగా గడపాలన్నది మీ ఆలోచన అయితే, ఆ మౌనం కూడా నేరంలో భాగమే అవుతుంది. ఆ ఉదయపు రికార్డును భద్రపరచండి. ఏడేళ్ల పిల్ల ముఖం ఉన్న వీడియోను ఈ రోజే తీసేయండి. ఆ ముఖం కనబడకుండా చేసి, శబ్దంతో సహా, రంజని గారు వంటగదిలో పలికిన మాటల దగ్గర నుంచి, అదే గ్రూపులో మళ్లీ పెట్టండి. ఆ గ్రూపులో సగం ఇళ్లవాళ్లకు తెలుగు వచ్చు. పిల్ల అన్న మాట ఎవరి నోట వచ్చిందో వాళ్లే వింటారు. ఆ తరువాత రక్కమ్మాళ్ గుమ్మానికి వెళ్లి, ఆమె దొంగ కాదని చెప్పండి. తెలుగులో చెప్పండి.