ఉప్పేసిన ఎరువు

ఇప్పుడంటే పోర్ట్ బ్లెయిర్ గోల్ ఘర్‌లో అద్దె ఇంటి బాల్కనీలో నాలుగు కుండీలు పెట్టుకుని రైతునని మురిసిపోతున్నాను గానీ, నేను ఇదే ఊళ్లో హాస్టల్లో ఉండి బోటనీ వెలగబెట్టే రోజుల్లో మా ఇంటిల్లిపాదీ ఒక వంగతోట మీద ఆశ పెట్టుకుని బతికాం. ముందటి వానాకాలం నాన్న డోంగీ (మా దీవుల్లో చిన్న పడవని అలాగే అంటాం) గాలికి తిరగబడి ముక్కలైంది. ప్రాణాలతో ఈదుకొచ్చిన మనిషిని పట్టుకుని అమ్మ, "ఇంక సముద్రం మొకం సూసినావో, నా మొకం సూడకు" అనేసింది. అలా, తాతల నాటి నుంచి వల లాగిన వంశం ఫెరార్గంజ్‌లో కాస్త నేల కౌలుకి తీసుకుని వంగనారు నాటింది. కాపు నిలిస్తే నాన్న నేల మీద ఉంటాడు. లేకపోతే మళ్లీ సముద్రమే. నాకు దేవుడి మీద కన్నా ఆ మొక్కల మీదే భక్తి ఎక్కువగా ఉండేది.

ఎంతకీ మొక్కలు ఎదగవు. పక్క పొలం బెంగాలీ భయ్యా జాలిపడి, వెనక కుంటనిండా అల్లుకున్న గుర్రపుడెక్క చూపించి, "ఏ నికాలో, ఢేర్ లగావో, సడ్‌నే దో" అన్నాడు. కుప్ప పోసి కుళ్లనిస్తే బంగారంలాంటి ఎరువవుతుందట. ఆదివారమంతా బురదలో దిగి లాగాం. (ఒళ్లంతా దద్దుర్లు. మర్నాడు క్లాసులో నా గోకుడు చూసి స్నేహితురాళ్లు బెంచీ మారిపోయారు.) కొన్ని వారాల తర్వాత సెలవులకి వచ్చి చూస్తే కుప్ప మీద ఈగ లేదు, దగ్గర వాసన లేదు. నేను పొంగిపోయి కంచె దగ్గరికెళ్లి, "చూడు భయ్యా, మా ఎరువు వాసన కూడా రాదు!" అని గొప్పలు పోయాను. ఆయన అయోమయంగా తలూపాడు. నాన్న ఆ ఎరువుని దోసిళ్లతో ప్రతి మొక్క మొదట్లోనూ పోసి నీళ్లు పెట్టాడు.

వారం తిరక్కుండా ఆకులు అంచుల నుంచి మాడిపోయాయి. భయ్యా వచ్చి ఎరువు చిటికెడు తీసి నాలిక్కి రాసుకుని, తుపుక్కున ఉమ్మి, "నమక్?" అన్నాడు.

"మరి ఉప్పెయ్యకపోతే కుళ్లిపోదేటి?" అన్నాడు నాన్న. "సేపకేసినట్టే, ఓ వరస డెక్క, ఓ వరస ఉప్పు. అందుకే ఇన్నాళ్లైనా సెడిపోనేదు, సూడు!"

"కుళ్లనిమ్మనే కదయ్యా ఆయన సెప్పింది!" అమ్మ నెత్తి బాదుకుంది.

"కుళ్లిన సరుకు ఎవులు తింటారే? మొక్కైనా తింటదా?"

ఆ మాటకి భయ్యా నవ్వబోయి, మా తోట వంక చూసి ఆగిపోయాడు. ఒక్క మొక్కా బతకలేదు. నాన్న మా చిన్నాన్న పడవలో కూలికి బయల్దేరాడు. అమ్మ ఆపలేదు, మొహం పక్కకి తిప్పుకుని చద్దిగిన్నె మూత బిగించి ఇచ్చింది. నేను ఆ ఎండుపుల్లల మధ్య కూర్చుని, ఇంక మా గతి ఇంతే అని వెక్కివెక్కి ఏడ్చాను.

నాన్న ఇప్పటికీ వేటకెళ్తున్నాడు. ఒడ్డుకి రాగానే నాకు చేపలు పట్టుకొస్తాడు. కుండీల్లో నేను మాగబెట్టిన గుర్రపుడెక్క మీదకి వంగి, ముక్కు మూసుకుని, "అయ్యో, కుళ్లిపోతందే పిల్లా, రవ్వంత ఉప్పేద్దునా?" అంటాడు. బతుకంతా చేపని కుళ్లకుండా కాపాడుకున్న చేతులు, ఊరుకోవు మరి. అందుకే ఆయనొచ్చే రోజున ఉప్పు డబ్బా అటక మీద పెడతాను. వాసన రాని ఎరువని కంచె పట్టుకుని చాటింపు వేసిన ఆ బోటనీ పిల్లని తల్చుకుంటే నవ్వొస్తుంది. నాన్న వేటలో ఉండగా గాలి లేచిన రోజున మాత్రం రాదు.