వదిన టార్గెట్‌లో నా తూటా

కాలేజీ చదువు వయసులో మనిషికి పక్కనున్నవాటికంటే దూరంగా ఉన్నవే ముఖ్యంగా కనిపిస్తాయేమో. ఆ రోజుల్లో నాకు మూడు వందల మీటర్ల అవతల నిలబెట్టిన నల్లటి గుండ్రటి టార్గెట్ తప్ప వేరే లోకం లేదు. మాది భిలాయి ఉక్కు ప్లాంటు పక్కనున్న క్యాంప్ 1 బస్తీ. శ్రీకాకుళం వైపు నుంచి ప్లాంటు పనికి వచ్చిన కుటుంబం. దుర్గ్ అవతల పాత రాతి క్వారీలో ఒక రైఫిల్ క్లబ్ ఉండేది. నన్ను అక్కడికి లాక్కెళ్లింది భిలాయి-3లో ఉండే మా మేనత్త కూతురు. నాకంటే కాస్త పెద్దది, వరసకు వదిన. ఇద్దరం ఆమె స్కూటీ మీదే వెళ్లివచ్చేవాళ్లం. ఇంట్లో రైఫిల్ ఉండదు కాబట్టి, ముందుగదిలో చాప మీద బోర్లా పడుకుని, ఇటుక కట్టిన కర్రను భుజానికి ఆనించి, ఎదురింటి బల్బుకు గురిపెట్టి కదలకుండా ఉండడం సాధన చేసేదాన్ని. (కొన్నాళ్లకు ఎదురింటివాళ్లు కర్టెన్ కట్టుకున్నారు.)

మాకు నేర్పినాయన సైన్యంలో చేసి రిటైరైన పెద్దమనిషి. ఎప్పుడూ గాలి గురించే మాట్లాడేవారు కాబట్టి గాలిసాబ్ అని పేరు పెట్టుకున్నాం. అంత దూరంలో టార్గెట్ చొక్కా గుండీ అంత కనిపిస్తుంది. ఎండెక్కితే నేల మీంచి లేచే ఆవిరిలో ఆ గుండీ కూడా ఈదుతుంటుంది. గాలి కాస్త వీచినా తూటా పక్కకు జరిగిపోతుంది. నేను మహా తెలివిగా ప్లాంటు చిమ్నీ పొగ ఎటు పోతోందో చూసి గాలిని లెక్కగట్టేదాన్ని. నీ తూటా చిమ్నీ మీదుగా వెళ్తుందా, గడ్డి మీదుగా వెళ్తుందా అని ఆయన ఎంతో మర్యాదగా అడిగారు. అప్పట్నుంచి గడ్డి చూడడం మొదలుపెట్టాను.

రాష్ట్ర జట్టు ఎంపిక రోజున నాన్న షిఫ్టు మార్చుకుని వచ్చి చూసేవాళ్ల కోసం కట్టిన తాడు వెనకాల నిలబడ్డారు. పెట్టిన మార్కు దాటినవాళ్లందరికీ జట్టులో చోటు. నాది ఆరో నంబరు టార్గెట్, వదినది పక్కనే ఐదు. ఆఖరి తూటా మిగిలేసరికి ఇద్దరికీ ఒక్క మంచి దెబ్బ పడితే చాలు. వదిన ముందు పేల్చింది. పేల్చగానే పెదవి కొరుక్కుంది. గురి తప్పిందని ఆమెకు అప్పుడే తెలిసిపోయింది. నేను గాలి మారిందని ఆగాను. మోచేయి సర్దుకుని, కాసేపు కళ్లు మూసి తెరిచి, గడ్డి చూసి, ఊపిరి సగం వదిలి ట్రిగ్గర్ నొక్కాను. అంత ప్రశాంతంగా నా జన్మలో ఏ పనీ చేయలేదు.

టార్గెట్ల కింద గోతిలో ఉండే మనుషులు వాటిని దించి, చూసి, మళ్లీ పైకి లేపారు. నా ఆరో నంబరు మీద కొత్త చిల్లే లేదు. ఐదో నంబరు మీద రెండున్నాయి. ఒకటి అంచున, ఒకటి నట్టనడుమ. మోచేయి సర్దుకోవడంలో నా గురి పక్క టార్గెట్ మీదికి జరిగిపోయింది. గాలినీ గడ్డినీ చూసిన నేను నంబరు మాత్రం చూసుకోలేదు. అలాంటప్పుడు పేల్చినవాళ్లకు సున్నా. టార్గెట్ ఎవరిదో వాళ్లకు రెండింట్లో మంచిది. అలా వదిన మార్కు దాటింది, నేను ఇవతలే ఉండిపోయాను.

వదిన సంతోషించలేదు. నేరుగా గాలిసాబ్ దగ్గరికి వెళ్లి, నడిమిది తనది కాదని, అంచున ఉన్నదే తనదని వాదించింది. ఆయన అంతా విని తల అడ్డంగా ఊపారు. "ఏ చిల్లు ఎవరిదో టార్గెట్ చెప్పదు. నియమ్ తో నియమ్ హై, బేటీ." రూలంటే రూలేనన్నమాట.

నాన్న నా భుజం తట్టి బస్సెక్కేశారు. ఆయనతో వెళ్తే ఏడ్చేస్తానని నేను స్కూటీ ఎక్కాను. సగం దారిలో వదిన బండి ఆపేసింది.

"నేనెల్లనే. నీ షాట్ అట్టుకుని నేనక్కడ ఏ మొహంతో నిలబడ్తాను?"

సరే, వెళ్లకు అనాలని నాకెంత ఉందో దేవుడికే తెలియాలి. ఆ మాట నాలిక చివరిదాకా వచ్చింది కూడా. కానీ నా నోట్లోంచి వేరేది వచ్చింది.

"నువ్వెల్లకపోతే అది ఎవులికీ కాకుండా పోద్ది వదినా. అంత మంచిది నాకు మళ్లీ పడద్దో లేదో."

ఆమె వెనక్కి తిరిగి నా వైపు చూసింది. తర్వాత మెల్లగా, "సచ్ మే అంత నడిమికి కొట్టావేటే?" అంది. నిజంగానే అన్నాను. ముందు ఆమె నవ్వింది, తర్వాత నేను. ఎప్పుడు ఏడుపులోకి దిగామో ఇద్దరికీ తెలీదు. లారీవాళ్లు మమ్మల్ని వింతగా చూస్తూ పోయారు.

వదిన వెళ్లింది. పోటీల్లో మధ్యలో ఏదో స్థానంలో నిలిచి తిరిగొచ్చింది, ఆపై ఏడాది సొంత తూటాలతోనే వెళ్లింది. ఇప్పుడు వేరే ఊళ్లో ఆడపిల్లలకు గురి నేర్పుతోంది. నేను దుర్గ్‌లో రైల్వే ఆఫీసు ఫైళ్ల మధ్య ఉన్నాను. తర్వాత కొన్నాళ్లు పేల్చాను గానీ, అంత నట్టనడుమ మళ్లీ పడలేదు.

ఈమధ్య మా తమ్ముడి పెళ్లికి వదిన తన శిష్యురాళ్లను వెంటబెట్టుకొచ్చింది. నన్ను చూపించి, మొహం ఏమాత్రం మారకుండా, "నన్ను టీమ్‌లోకి పంపించింది ఈవిడే" అంది. ఆ పిల్లలు నన్నెవరో పెద్ద సెలక్షన్ అధికారి అనుకుని చప్పున లేచి నిలబడ్డారు. అసలు సంగతి చెప్పేయొచ్చు. కానీ ఖాళీ టార్గెట్ వైపు నోరు తెరుచుకుని చూస్తున్న, ఒకప్పటి నేననే ఆ వెర్రిపిల్ల ఒక్కసారి కళ్లముందు నిలిచింది. దానికి ఎవరూ ఎప్పుడూ లేచి నిలబడలేదు కదా అనిపించింది. అందుకని గంభీరంగా తలూపి, పరవాలేదు, కూర్చోండమ్మా అన్నాను.