అండాలమ్మ వంత

మా అత్తగారు అండాలమ్మ జన్మలో ఎప్పుడూ పాట మొదలుపెట్టి ఎరగరు. ఆవిడది వంత. నల్గొండ దగ్గర వాళ్ల ఊళ్లో నాట్లకు దిగినా, మీర్‌పేట్ వచ్చాక వీధిలో బతుకమ్మ ఆడినా, పాట ఎత్తేది ఆవిడ తోటికోడలు అనంతమ్మగారే. లైను చివర "ఉయ్యాలో" అని అందుకోవడం ఈవిడ వంతు.

వాళ్లిద్దరికీ క్షణం పడేది కాదు. నేను గుంటూరు నుంచి కోడలిగా వచ్చిన కొత్తలో, కుళాయి దగ్గర బిందె ఎవరిది ముందని జుట్లు పట్టుకున్నంత పని చేశారు. ఆ తర్వాత మాటల్లేవు. అంతలో బతుకమ్మ వచ్చింది. అనంతమ్మగారు పాట ఎత్తారో లేదో, మా అత్తగారు మొహం అటు తిప్పుకునే వంత అందుకున్నారు! నాకు నవ్వాగలేదు.

"అదేంటత్తయ్యా, మాటల్లేవుగా మీకు?"

"మాట మాటే, పాట పాటే. పాట ఎత్తినోళ్లను ఒంటిగ ఇడుస్తరానే? పగోళ్లనైనా ఇడువొద్దు" అన్నారు.

ఆ రాత్రే ఇద్దరూ ఒకే గిన్నెలో సత్తుపిండి తిన్నారు. ఎప్పుడూ అంతే. కొట్లాట వాళ్లది, కలపడం పాటది.

రెండేళ్ల కిందట అనంతమ్మగారు పోయారు. ఆ తర్వాత వీధి ఆడవాళ్లు ఎంత బతిమాలినా అత్తగారు పెదవి విప్పలేదు. "ముందు పాడేటిదే పాయె, వంతదానికి నోరెందుకు?" అనేవారు. పోనీ పాట మానేస్తే మానేశారు, నాతో పోట్లాట కూడా మానేశారు! నేను ఏం వండితే అది, ఎంత పెడితే అంత. నోరున్న అత్తతో వేగొచ్చు గానీ, ఇలా గోడలా కూర్చున్న అత్తతో నావల్ల కాదు బాబూ. నాకు నిజంగా భయం వేసింది. ఒక్కసారి, ఒకే ఒక్కసారి ఆ గొంతు మళ్లీ లేస్తే చాలనుకునేదాన్ని.

నేను దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక ఇంగ్లిష్ కోచింగ్ సెంటర్ రిసెప్షన్‌లో పనిచేస్తాను. ఐర్లాండ్ చదువులకు వెళ్లే పిల్లలు మా దగ్గర ఎక్కువ. అందుకని సెంటర్ నడిపే మా ఉపేంద్ర సారు, ఆ దేశం నుంచి వచ్చిన నోరా అనే జానపద గాయని చేత పై అంతస్తు హాల్లో సాయంత్రం కచేరీ పెట్టించారు. పిల్లలు పరీక్షలని వంక పెట్టి ఎగ్గొట్టారు. ఖాళీ కుర్చీలు చూసి సారుకి చెమటలు. "మీ ఇళ్లల్లో వాళ్లను తీసుకురండమ్మా, పరువు పోతుంది" అన్నారు. మా ఆయన జగన్ డ్యూటీలో ఉన్నాడు. ఇంకేం, అత్తగారినే ఆటో ఎక్కించాను.

నోరాకు అరవై దాటే ఉంటాయి. తెల్లజుట్టు, బూడిదరంగు గౌను. తబలా లేదు, గిటారు లేదు. "వలస ఓడ ఎక్కి మళ్లీ కనిపించని అక్క మీద పాట ఇది" అని సారు చెప్పి కూర్చున్నారు. ఆవిడ కళ్లు మూసుకుని ఎత్తుకుంది. ఒక్క ముక్క అర్థం కాకపోయినా గొంతులో దుఃఖం అర్థమైంది. లైను పాడేది, ఆగేది. మళ్లీ పాడేది, ఆగేది.

అత్తగారు కుర్చీలో కదలడం మొదలుపెట్టారు.

"గామెకు వంతిచ్చేటోళ్లు లేరానే?"

"వాళ్ల పాట అంతే అత్తయ్యా. ఒక్కరే పాడతారు."

"ఒక్కతే ఎట్ల మోస్తది?"

నోరా మళ్లీ ఆగింది. నా పక్క నుంచి, గట్టిగా, హాలంతా వినబడేలా "ఉయ్యాలో..." అని వచ్చింది.

అయ్యో రామా! సారు కొరకొరా చూశారు. నేను ఆవిడ మోకాలు నొక్కాను. ఆగితే అండాలమ్మ ఎందుకవుతారు? మరో లైను, మరో ఉయ్యాలో. నోరా కళ్లు తెరిచింది. పాట ఆపకుండానే దిగి వచ్చి, అత్తగారి పక్క కుర్చీలో కూర్చుని, చెయ్యి పట్టుకుంది. పాట అయ్యేదాకా ఆ చెయ్యి ఊపుతూనే ఉంది.

తర్వాత ఇంగ్లిష్‌లో అంది: "మా వైపు పాడేవాళ్ల చెయ్యి వినేవాళ్లు పట్టుకుంటారు, ఒంటరిగా పాడకూడదని. ఇంటి దగ్గర నుంచి బయల్దేరాక ఇవాళే తోడు దొరికింది. ఇప్పుడు ఈమె పాడాలి, నేను పట్టుకుంటాను."

నేను తెలుగులో చెప్పగానే అత్తగారు హడలిపోయారు. "నాకు రాదు బిడ్డా, నేను వంతదాన్ని" అని చెయ్యి లాక్కోబోయారు. నోరా వదిలితేగా! చాలాసేపటికి, కళ్లు దించుకుని, సన్నగా ఎత్తారు.

"తూరుపు మబ్బమ్మ తొంగి సూసె..."

ఆగారు. అలవాటుగా ఎడమపక్కకు తిరిగారు. అనంతమ్మగారు నిలబడే పక్క అది. అక్కడ నేనున్నాను. పాట అక్కడే ఆగిపోతుందేమో అనిపించింది.

నా గొంతు సంగతి మా పుట్టింట్లో అందరికీ తెలుసు. అయినా సరే, "ఉయ్యాలో" అని అరిచాను. వెనక ఎవరో కిసుక్కున నవ్వారు. అత్తగారు నన్ను కళ్లనిండా నీళ్లతో చూసి, రెండో లైను అందుకున్నారు. మూడో లైనుకి నోరా కూడా నాతో కలిసింది.

తిరుగు ఆటోలో అత్తగారు నోరు విప్పారు. "గట్ల మొత్తుకుంటరానే? బర్రె అరిసినట్టు! రేపటి సంది నేర్పిస్త."

"మీతో పోట్లాటకు కూడా పనికిరానిదాన్ని, పాటకు పనికొస్తానా?" అన్నాను. రెండేళ్ల ఉక్రోషం కదా.

ఆవిడ నా చెయ్యి పట్టుకున్నారు, అచ్చం నోరా పట్టుకున్నట్టే.

"నీతోటి కొట్లాడాల్నంటే బుగులైతుండె బిడ్డా, భయమైతుండె. అనంతమ్మతోటి ఎంత లొల్లయినా పాట కలుపుతుండె. నీకు నాకు నడుమ ఏమున్నది? నువ్వు మాట బంద్ జేస్తే నాకింకెవరున్నరు?" కొంగుతో కళ్లు తుడుచుకున్నారు. "గిప్పుడు పాటున్నది. ఇగ ఊకోను. చారుల జర ఉప్పెక్కువైనా ఊకోను."

నాకు ఏడుపొచ్చింది. "అలాగే అత్తయ్యా" అన్నాను.

మర్నాడు చారులో ఉప్పు ఎక్కువే వేశాను.